పశుసహిత విడిది (గోదావరీ డెల్టా)

మనుష్యుడు తన పెంపుడు జంతువులతో కూడ ఇల్లు వీడి, ఏటి యొడ్డుననో పచ్చిక బయలుననో, కొన్ని దినములు గాని కొన్ని మాసములు గాని ఆరుబయట వసించుటను పశుసహిత విడిది యనవచ్చును. ఉత్తర అమెరికాలోని విశాలములైన గడ్డిభూములయందును, వానిని చీల్చుకొని పారు నదుల లోయలయందును ఇది నేడు విహారముగ పరిణమించినది. కుక్కలను వెంటబెట్టుకొని గుడారములలో నుండువారికై అచట ప్రత్యేక స్థలములును నియమములును ఏర్పడియున్నవి. గోదావరీ డెల్టాయందైతే ఈ యాచారము విహారముగ గాక వృత్తిగ పుట్టినది. లంకలలో గేదెలను మేపుకొనువారు, కోతలైన చేలలో గొఱ్ఱెలను నిలుపువారు, బాతులను తోలుకొని ఊరూర తిరుగువారు, వరద వచ్చినపుడు పాడిపశువులతో ఏటిగట్టు నాశ్రయించువారు—వీరందఱును తరతరములుగ ఈ విద్య నెఱిగినవారే. పెంపుడు కుక్కలతో విహారార్థము వచ్చు పట్టణవాసులు ఈ పరంపరలో కడపట చేరినవారు. ఎవరు వచ్చినను, ఈ నేలమీద పశువుతో విడిది చేయుటకు మూడు సమ్మతులు కావలెను: ఏటి సమ్మతి, భూమి గలవారి సమ్మతి, అచట ముందునుండి బ్రదుకుచున్న అడవిప్రాణుల సమ్మతి. మొదటిదానిని ఋతువునుబట్టియు, రెండవదానిని మాటనుబట్టియు, మూడవదానిని శాసనమునుబట్టియు తెలిసికొనవలసియుండును.

నైసర్గిక స్వరూపము

నాసిక మండలములోని త్ర్యంబకేశ్వరమున జనించి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, పాపికొండల నడుమ ఇఱుకున నడచి, పోలవరము దాటినంతనే మైదానమున విప్పారి, రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును మధ్య అఖండగోదావరి యను పేరునకు తగిన వెడల్పును పొందును. ధవళేశ్వరము దిగువ నది గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగ చీలును. వసిష్ఠనుండి మరల వైనతేయ వేఱగును. గౌతమి యానాము మీదుగను, వసిష్ఠ అంతర్వేదియొద్దను, వైనతేయ ఓడలరేవునొద్దను సముద్రమును చేరుచున్నవి. గౌతమీ వసిష్ఠల నడిమి త్రికోణాకారపు భూమియే కోనసీమ.

ఏటి నడుమను పాయల యంచులను ఒండ్రు మేటవేయగా ఏర్పడిన దీవులు లంకలు. వీనిలో కొన్ని ఊళ్లు వెలసి, బడియు గుడియు గల మెరక లంకలు. కొన్ని ఏటేట వరదకు మునిగి, నీరు తీసిన పిదప మరల పైకి తేలు పల్లపు లంకలు. ఒక యొడ్డున భూమి కోసికొనిపోవుటయు మఱియొక యొడ్డున క్రొత్తగ మేట వేయుటయు నిరంతరము జరుగుచుండుటచే, లంకల రూపము ఒక తరమువా రెఱిగినట్లు మఱుతరమునకు నిలువదు. రెల్లు, తుంగ, గఱిక, పలువిధములైన పచ్చిక ఇచట తమంతతాము మొలచును. మొక్కజొన్న, అరటి, కూరగాయలు, చుట్టలకు పేరొందిన లంకపొగాకు ఇచటి ముఖ్యమైన పైరులు.

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ ప్రాంతపు బ్రదుకునే మార్చివైచినది. ఆనకట్టకు మారుగ అనంతరకాలమున బారేజి నిర్మింపబడినది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో నేడు ఇంచుమించు 10 లక్షల ఎకరములు దీని కాలువల క్రింద సాగగుచున్నవి. నీరందిన చోటనెల్ల వరి వచ్చుటతో మేతకు విడిచిన బయలు మిక్కిలి తక్కువ. గడ్డి మిగిలినది లంకలలో, ఏటిగట్లపై, కాలువగట్లపై, సముద్రతీరపు ఇసుకపఱ్ఱలలో, కొల్లేటి యంచులలో మాత్రమే. కావున ఈ సీమలో విడిది చేయు స్థలమును వెదకువాడు పశువుల కాపరి వెదకు స్థలమునే వెదకుచున్నాడని గ్రహింపవలెను.

ఋతుక్రమము

డెల్టా రైతునకు సంవత్సరము రెండు పంటలుగ విభక్తమై యుండును: తొలకరి మొదలు కార్తిక మార్గశిరముల వఱకు సార్వా, అటుపిమ్మట వేసవి వఱకు దాళ్వా. దాళ్వా ముగిసిన పిమ్మట కాలువలను కట్టివేసి, మరల జూన్ మాసమున నీరు విడుచుదురు. విడిదికాండ్ర రాకపోకలన్నియు ఈ రెండు పంటల సందులలోనే ఇమిడియున్నవి.

జూలై మొదలు సెప్టెంబరు వఱకు గోదావరి వరదకాలము. ధవళేశ్వరమునొద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు రెండవదానిని, 17 లక్షలకు మూడవదానిని ఎగురవేయుదురు. 1986 ఆగష్టులో వచ్చిన మహావరదలో ఇచట ఇంచుమించు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. 2022 జూలైలో ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులను మించినది. ఆకాశము నిర్మలముగ నున్నను, ఎగువ ఎచటనో కురిసిన వర్షము రెండుమూడు దినములకు ఇచట వరదయై దిగును గనుక, లంకలో నున్నవాడు తన నెత్తిమీది మేఘమును గాక భద్రాచలమునొద్ద నీటిమట్టమును విచారించుకొనవలెను. అచట 43, 48, 53 అడుగులు వరుసగ మూడు హెచ్చరికల మట్టములు.

అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తాకిన తుపాను కొబ్బరితోటలను నేలగూల్చి, జనులకును పశువులకును అపారమైన నష్టము కలిగించినది. ఏప్రిల్, మే మాసములలో ఎండ 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటుట సామాన్యము. ఇసుకతిన్నెలు కాళ్లు మోపరానంతగ కాగును. ఈ లెక్క ననుసరించి చూడగా, కార్తిక వనభోజనములతో ఆరంభమై మహాశివరాత్రితో ముగియు కాలము మనుష్యునకును పశువునకును సుఖప్రదమైన విడిదికాలము. ఆ వనభోజనముల కాలములోనే తుపాను భయమును ఉండుటచే, వాతావరణ సూచనలను వినకయే బయలుదేరుట తగదు.

లంకల మకాములు

పొలములో పశువులను కట్టుకొని, మేతయు పనిముట్లును దాచుకొని, రాత్రులు కాపలా పండుకొను పాకను ఈ ప్రాంతమువారు మకాము అందురు. లంకల యందలి మకాములు పశుసహిత విడిదికి అతిప్రాచీనములు, పరిపూర్ణములునైన రూపములు. వరద తీసిన పిదప లంకపై క్రొత్త పచ్చిక మొలచినంతనే, ఒడ్డున నుండు ఊళ్లవారు గేదెలను ఆవులను పడవలమీద గాని, నీరు సన్నగిలిన పాయలలో ఈదించి గాని లంకకు చేర్చుదురు. కొబ్బరియాకులతోనో రెల్లుతోనో కప్పిన పాక, వరుసగ పాతిన కట్టుగొయ్యలు, కుడితిగోలెము, గడ్డిమేటు, కాపలా కుక్క—ఇవియే ఆ మకామునకు సర్వస్వము. తెల్లవారకమునుపే పితికిన పాలు బిందెలలో క్యానులలో పడవనెక్కి రాజమహేంద్రవరపు రేవులకు చేరును.

ఇచటి గేదెలు ఎక్కువగ ఊరి గేదెలకును ముఱ్ఱా జాతికిని కలిగిన సంకరములు. నీటికి వెఱవనివి, ఒండ్రునేలకు అలవాటుపడినవి. మధ్యాహ్నపువేళ వీనిని ఏటిలోనికి దింపుటకు కారణము కేవలము ఆనందము గాదు: గేదెకు చెమటగ్రంథులు తక్కువగుటచే దేహతాపమును నీటిలో మునిగియే తగ్గించుకొనవలెను. ఎండవేళ నీడయు నీరును లేనిచోట గేదెను కట్టుట హింస యని లంకవారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

లంకభూములన్నియు ఒకరి సొత్తు గావు. కొన్ని పట్టాభూములు, కొన్ని ప్రభుత్వము కౌలుకిచ్చినవి, కొన్ని ఊరివారు ఉమ్మడిగ అనుభవించునవి. చూపునకు ఒకే గడ్డిబయలుగ గన్పట్టినను ఏ గట్టు ఎవరిదో, ఏ మేర ఎవరి మేతకో అచటివారికి స్పష్టముగ తెలియును. పైరులో పడిన పశువును బందెలదొడ్డికి తోలించు అధికారము 1871వ సంవత్సరపు పశువుల అతిక్రమణ చట్టము వలన రైతునకు సంక్రమించినది. ఐనను మాటతో తీరు తగవును దొడ్డిదాక పోనీయకుండుటయే లంకల మర్యాద.

గొఱ్ఱెల మందలు

మెట్టప్రాంతములనుండియు, తెలంగాణ రాయలసీమల నుండియు గొఱ్ఱెల కాపరులు కోతలైన పిదప డెల్టాలకు దిగివచ్చుట చిరకాలపు ఆచారము. మెట్టలో గడ్డి ఎండి, చెఱువులు ఇంకు కాలమున డెల్టాలో కోసిన చేల దుబ్బులును, గట్ల పచ్చికయు, కాలువనీరును లభించును. డెల్టా రైతునకు పొలమునకు ఎరువు లభించును. రాత్రి మందను ఒక మడిలో నిలిపినచో పెంటికలును మూత్రమును నేరుగ నేలలో చేరి, మోతకూలి లేకయే భూమి సారవంతమగును. ఇట్లు మంద కట్టించుకొన్నందులకు రైతు కాపరికి రొక్కమో ధాన్యమో ముట్టజెప్పును. మఱునాటి రాత్రి మందను ప్రక్క మడికి జరుపుదురు. రసాయనిక ఎరువులు వ్యాపించిన తరువాత ఈ యాచారము తగ్గినను, నశింపలేదు.

కాపరుల విడిది నిర్మాణము మెచ్చదగినది. మందచుట్టును వల కట్టి, ఈనిన పిల్లలను గంపల క్రింద వేఱుగ నుంచి, నాలుగు దిక్కులను కుక్కలను నిలిపి, తాము గాలివాటునకు అడ్డముగ గొంగళి పఱచుకొని పండుకొందురు. ఈ కుక్కలు కాపరి కేకను ఈలను గుర్తించి మందను మళ్లించునవి. క్రొత్తవారి పెంపుడు కుక్క మంద సమీపమునకు పోయినయెడల వానితో పోరు తప్పదు. బెదరిన చూలుగొఱ్ఱెలు ఈచుకొనుటయు కలదు. అందుచే విహారార్థము వచ్చువారు మంద కనబడినంతనే తమ కుక్కను త్రాట కట్టి, గాలివాటు తప్పించి, దూరముగ విడియుట ధర్మము.

బాతుల మందలు

కోతలైన చేలలో నీరింకక మునుపు వందలకొలది బాతులను తోలుకొని వచ్చు సంచారజీవులు డెల్టాకు, ముఖ్యముగ కొల్లేటి చుట్టుపట్ల గ్రామములకు చిరపరిచితులు. రాలిన ధాన్యపుగింజలు, నత్తలు, పురుగులు, చిన్న చేపలు బాతులకు మేత. రైతునకు అవి పురుగును తినుటయు, రెట్ట వేయుటయు లాభము. కాపరి పొడవైన కఱ్ఱతో ముందు నడచువానిని మళ్లించిన చాలును, వెనుకనుండు మంద యావత్తును అదే దారి పట్టును.

సాయంకాలమున మెరకగట్టుమీద వలతో ఆవరణము కట్టి బాతులను అందులోనికి తోలుదురు. బాతు సాధారణముగ తెల్లవారుజామున గ్రుడ్డు పెట్టును గనుక, ప్రొద్దెక్కకమునుపు వానిని బయటికి విడువరు. విడిచినచో గ్రుడ్లు చేలలో బురదపాలగును. నాటుబాతులకంటె ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతులు అధికముగ, ఏటికి 300 వఱకు గ్రుడ్లు పెట్టగలవు. ఈ జీవులకు ప్రధానశత్రువు బాతుప్లేగు; నక్కలు, ఊరకుక్కలు రాత్రిపూట శత్రువులు. మేత ఒకచోట తీఱినంతనే మందయు, వలయు, వంటపాత్రలును, పిల్లలును కలసి మఱియొక గ్రామమునకు సాగుదురు. ఈ కుటుంబములకు విడిదియే ఇల్లు. అట్టివారి ఆవరణములను విహారవస్తువులుగ చూచుట, అడుగక ఛాయాచిత్రములు తీయుట అమర్యాద.

వరదవేళ ఏటిగట్టు

కోరి చేసికొను విడిదులు పైవి. కోరక తప్పని విడిది వరదవేళ ఏటిగట్టుపై జరుగును. రాజమహేంద్రవరము ఎదుటనున్న బ్రిడ్జిలంక, కేతావారిలంక, వసిష్ఠపై అయోధ్యలంక, కనకాయలంక, పి. గన్నవరము ప్రాంతమున ఊడిమూడిలంక, బూరుగులంక, గౌతమీతీరమున ఠానేలంక, కూనాలంక మొదలగు గ్రామములవారు నీరు పెరిగినపుడు పడవలపై గట్టునకు చేరవలసివచ్చును. పిల్లలను వృద్ధులను సహాయకేంద్రమునకు పంపి, ఇంటి యజమాని పశువుల యొద్దనే గట్టుపై టార్పాలిన్ క్రింద రాత్రులు గడుపును. పాడిగేదెయే ఆ కుటుంబమునకు నెలజీతము వంటిదగుటచే, దానిని విడిచి రమ్మనుట వారి జీవనోపాధిని విడిచి రమ్మనుటయే యగును.

వరదవేళ అధికారులు మనుష్యులకు అన్నపుపొట్లములతోపాటు పశువులకు ఎండుగడ్డిని, దాణాను, పాతరగడ్డిని పంచుట నేడు సహాయకార్యక్రమములో భాగమైనది. ఐనను గట్టుపై స్థలము ఇఱుకు. త్రాగుటకు మంచినీరు, కప్పునకు నీడ, చలికి పొడినేల కొఱవడును. లంకగ్రామముల చెంత మెరకపై శాశ్వతములైన పశువుల సావిళ్లును, పశువులు ఎక్కదగిన వాలుదారులు గల రేవులును ఎంత త్వరగ ఏర్పడిన అంత మేలు. పశువును తరలించుటకు వీలులేక మనుష్యులు కడవఱకు లంకను విడువక ప్రాణాపాయమున పడుట ప్రతి పెద్దవరదలోను కనబడుచున్నది. కావున పశువునకు దారి చూపుట మనుష్యుని రక్షించుటయే.

యాత్రికులు, బండ్లు, రేవులు

రైలు, మోటారు రాక పూర్వము డెల్టాలో ప్రయాణము కాలువపై పడవలోను, గట్టుపై గూడుబండిలోను సాగెడిది. అంతర్వేది తీర్థమునకు, కోటిపల్లి శివరాత్రికి, పన్నెండేండ్ల కొకమారు వచ్చు గోదావరి పుష్కరములకు కుటుంబములు ఎద్దులబండ్లపై వచ్చి, చెఱువుగట్టుననో తోపులోనో ఎడ్లను విప్పి, గడ్డివైచి, మూడుఱాళ్ల పొయ్యిపై వండుకొని విడిసెడివారు. అన్నదాతగ వినుతికెక్కిన డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరమున ఆకలిగొన్న బాటసారులకు అన్నము పెట్టిన కాలము అట్టిదే. కనుమనాడు పశువులను కడిగి అలంకరించి పూజించుటయు, ఆనాడే జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల ప్రభలు కూడుటయు ఈ సీమలో నేటికిని అవిచ్ఛిన్నముగ జరుగుచున్నవి.

పాయలను దాటుటకు రెండు నావలను జతపఱచి మీద బల్లలు పఱచిన పంటులు చిరకాలము ఆధారములు. నరసాపురమునకును సఖినేటిపల్లికిని నడుమ, కోటిపల్లికిని ముక్తేశ్వరమునకును నడుమ పంటులు మనుష్యులను బండ్లను పశువులను కూడ దాటించినవి. యానాము–ఎదుర్లంక, దిండి–చించినాడ వంతెనలు వచ్చిన పిదప రేవుల రద్దీ తగ్గినది. పంటుపై పశువును ఎక్కించునపుడు తల ఒడ్డువైపునకు గాక ప్రయాణపు దిక్కునకు త్రిప్పి, పలుపుత్రాడును పొట్టిగ పట్టి, యజమాని ప్రక్కనే నిలుచుట పరిపాటి. కుక్కకును ఇది వర్తించును: ఇంజను చప్పుడునకు బెదరి నీటదూకినచో ప్రవాహమున దానిని అందుకొనుట దుర్లభము. దూరప్రాంతములనుండి రైలున వచ్చువారు కుక్కను మొదటితరగతి ఎయిర్‌కండిషన్ కూపేలో తమతో గాని, గార్డు పెట్టెయందలి కుక్కల గూటిలో గాని రుసుము చెల్లించి తేవచ్చును.

విహారవిడుదులు

ఇటీవల విహారార్థమై వచ్చువారికి డెల్టాయందును దానికి ఎగువను మూడు విధములైన విడుదులు ఏర్పడినవి. వసిష్ఠాతీరమున దిండియందు కొబ్బరితోటల నడుమ పర్యాటకశాఖవారి విడిదియు, గృహనౌకలును కలవు. పాపికొండలలో కొల్లూరు ఇసుకతిన్నెలమీద వెదురుగుడిసెలలో రాత్రి గడుపుట చాలకాలము ప్రసిద్ధమై యుండెను. ఉత్తరముగ మారేడుమిల్లి అడవులలో అటవీశాఖ గిరిజనుల భాగస్వామ్యముతో నడుపు విడుదులు కలవు. వీనిలో దేనికైనను పెంపుడు జంతువుతో పోదలచువారు ముందుగ అడిగి సమ్మతి పొందియే బయలుదేరవలెను. తోటి యాత్రికుల భయమును అభ్యంతరమును ఎదుర్కొనుటకంటె ఇంటివద్దనే తెలిసికొనుట మేలు.

పాపికొండల ప్రయాణమున నీటి భద్రతను గూర్చి ఎంత చెప్పినను అధికము గాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరునొద్ద విహారపడవ మునిగి అనేకులు మరణించిరి. అప్పటినుండి పడవల తనిఖీయు, వరద మట్టమునుబట్టి ప్రయాణముల నిలుపుదలయు కఠినతరములైనవి. పోలవరము ప్రాజెక్టు నిర్మాణమువలన ఎగువ నీటిమట్టములును మారుచుండుటచే, పూర్వము ఎఱిగిన తిన్నె నేడును ఉన్నదని నమ్మి పోరాదు.

వాణిజ్యవిడుదులకంటె తోటలోనో పొలములోనో తెలిసిన రైతు సమ్మతితో చేయు విడిది కుక్కగలవారికి అనుకూలము. కడియము పూలమొక్కల క్షేత్రములును, కోనసీమ కొబ్బరితోటలును నీడకు లోపములేని స్థలములు. ఐతే కొబ్బరిచెట్టుక్రింద గుడారము వేయరాదు—కాయయో మట్టయో ఎప్పుడు రాలునో చెప్పరాదు.

రక్షితప్రదేశములు, శాసనములు

1978లో అభయారణ్యముగ ప్రకటింపబడిన పాపికొండల అడవి 2008లో జాతీయోద్యానమైనది. వైశాల్యము సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయోద్యానమున పశువుల మేత నిషిద్ధము; అనుమతి పొందిన వ్యక్తి వాహనముగ నుపయోగించుకొను పశువు తప్ప ఇతరపశువు ప్రవేశింపరాదు. అభయారణ్యమునకు 5 కిలోమీటర్ల లోపలి పశువులకు టీకాలు వేయించుటయు 1991లో చేర్చిన సవరణమువలన విధియైనది. ఊరిపశువునుండి అడవిమృగమునకు గాలికుంటు వంటి వ్యాధులు సోకకుండుటయే ఇందలి యుద్దేశము. ఊరకుక్కలనుండి రేబీస్, డిస్టెంపర్ వ్యాధులు అడవిలోని మాంసాహారులకు వ్యాపించు ప్రమాదమును ఇట్టిదే.

గౌతమీముఖమున మడఅడవులతో నిండిన కోరంగి అభయారణ్యము (1978, సుమారు 235 చదరపు కిలోమీటర్లు) చేపలు పట్టు అడవిపిల్లులకును నీటికుక్కలకును నెలవు. దాని చెంతనుండు హోప్ దీవియందును, అంతర్వేదివైపు ఇసుకతీరములందును ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరినుండి వేసవి మొదటివఱకు ఒడ్డునకు వచ్చి గ్రుడ్లు పెట్టును. అవి పొదుగుటకు ఇంచుమించు 45 మొదలు 60 దినములు పట్టును. ఇసుకను త్రవ్వి ఆ గ్రుడ్లను తినివేయుటలో కుక్కలే అగ్రగణ్యములు. కావున ఆ మాసములలో, ముఖ్యముగ రాత్రివేళ, సముద్రతీరమునకు కుక్కను కొనిపోకుండుటయే మేలైన మార్గము. 1999లో అభయారణ్యమైన కొల్లేటియొద్ద, ఆటపాక గూడబాతుల నెలవులందును ఈ జాగరూకత వలయును.

పెంపుడు జంతువును అనుచితముగ పొట్టిగొలుసుతో చిరకాలము కట్టివేయుటయు, బాధ కలుగునట్లు తరలించుటయు 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరములు. అమెరికా సంయుక్తరాష్ట్రముల జాతీయోద్యానములలో, కుక్కలకు ప్రవేశమున్న మేరలందు 6 అడుగులకు మించని త్రాడుతోనే వానిని నడిపింపవలెనను నియమము కలదు. మన విడుదులకును అట్టి స్పష్టమైన కొలత ఒకటి అవసరము.

ఆరోగ్యము

తడినేల వ్యాధులకు నిలయము. వర్షములకు మునుపే పశువులకు గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాలును, గొఱ్ఱెలకు చిటుకురోగము, నీలినాలుక, పారుడురోగముల టీకాలును వేయించుట వాడుక. నీటిగట్ల గడ్డి మేయు పశువులకు నత్తలమూలమున కార్జపుజలగ సోకును. పశువైద్యుని సలహాపై మందు త్రాగించుచుండవలెను. కుక్కలకు రేబీస్ టీకాను మూడవనెల దాటిన పిదప మొదలిడి ఏటేట కొనసాగించి, ఆ పత్రమును వెంట నుంచుకొనవలెను. ఎలుకలు మెండైన వరిపొలముల నిలువనీటివలన లెప్టోస్పైరోసిస్ కుక్కకును మనుష్యునకును కూడ సోకవచ్చును గనుక, మురుగుబోదెలలో దిగనీయరాదు. ప్రతి సాయంకాలమును చెవులలోను కాలివ్రేళ్లసందులను పిడుదులు చేరెనేమో చూచుట యవసరము.

ఏ జంతువు కఱచినను గాయమును సబ్బుతో పారునీట 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి డెల్టాలో సర్వత్ర గలవు. గడ్డిమేటుల చెంత, రెల్లుదుబ్బులలో కుక్క ముక్కు దూర్చుట అపాయకరము. పశువైద్య సంచారవాహనమునకు ఆంధ్రప్రదేశమున 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. పాయల దిగువభాగములలో వేసవిని సముద్రపుపోటు లోనికి వచ్చి నీరు ఉప్పనగును. ఏరు ప్రక్కనే ఉన్నదని నమ్మక, పశువునకును తనకును మంచినీరు కొనిపోవలెను.

స్థలనిర్ణయము, నడవడి

అనుభవజ్ఞులైన కాపరుల యాచారములనుండి క్రొత్తవా రెల్లరు గ్రహింపదగిన నియమములు కొన్ని కలవు. గుడారమును నీటియంచున గాక, క్రితము వరద చెత్తను విడిచిన గీతకు పైన, మెరకమీద వేయవలెను. బారేజి తలుపులెత్తినపుడు దిగువ ఇసుకతిన్నెలు స్వల్పకాలములో మునుగును. ఇసుక త్రవ్విన గుంటలు పైకి లోతులేని మడుగులుగ గన్పట్టినను లోతు మిక్కుటము. ఊబినేలలో పెద్దపశువు కూడ దిగబడును. ఎండిన రెల్లు నిప్పురవ్వకు అంటుకొనును గావున పొయ్యిచుట్టును నేల గోకి, పోవునపుడు నీటితో ఆర్పవలెను.

భూమి గలవానిని అడుగుట, ఏ దారిని రాకపోక చేయవలెనో తెలిసికొనుట, పైరుగట్టు త్రొక్కకుండుట, కట్టుగొయ్య పాతిన గుంట పూడ్చుట, కుక్క మలమును పూడ్చి ఎంగిలిని ప్లాస్టిక్కును మూటగట్టుకొని పోవుట—ఇవి కనీసధర్మములు. గడ్డిలో పడిన ప్లాస్టిక్కు సంచిని గేదె మ్రింగినచో అది కడుపున చిక్కుకొని ప్రాణము తీయును. మకాముగల రైతు క్రొత్తవారిని చూచి ముందుగ భయపడునది దీనికే. రాత్రి కుక్కను గుడారములోనో గుడారమునకు చేరువనో కట్టి యుంచవలెను. ఊరి కుక్కలతో కొట్లాటను, నక్కల వెంట పరుగును, పరుల బాతులపై దాడిని అది నివారించును. నష్టము జరిగినచో వెంటనే ఒప్పుకొని పరిహారము చెల్లించుట కాపరులలో నేటికిని నిలిచియున్న మర్యాద.

కర్తవ్యము

గోదావరీ డెల్టాలో పశుసహిత విహారమునకు ప్రత్యేకించిన వ్యవస్థ ఇంకను రూపొందవలసియున్నది. అది రూపొందునపుడు పరదేశపు నమూనాను యథాతథముగ దిగుమతి చేయనక్కఱలేదు. ఏ లంక ఏ మాసమున నిలుచునో, ఏ గట్టు ఎవరిదో, ఏ నీరు తియ్యనో, ఏ గడ్డి విషమో ఎఱిగినవారు ఈ సీమలోనే ఉన్నారు. లంకరైతులు తమ మకాములయొద్ద ఋతువునుబట్టి కొద్దిమందికి, కొద్ది జంతువులకు చోటిచ్చి రుసుము గ్రహించు పద్ధతి యేర్పడినయెడల వారికి పాడితోపాటు మఱియొక ఆదాయము కలుగును. వచ్చినవారికి పుస్తకములలో దొరకని శిక్షణయు లభించును. ఆ ఆదాయములో ఒక భాగము వరదకాలపు పశువుల సావిళ్లకును, పశువుల రేవులకును, టీకాలకును చెందునట్లు పంచాయతులు నిబంధన చేయవలెను. విహారి జంతువు సుఖముగ పండుకొను మెరకమీద వరదనాడు లంకవాని గేదెకు కూడ స్థానముండుట ఈ వ్యవస్థకు మొదటి షరతు కావలెను. అది లేనిచో ఎన్ని సౌకర్యములు సమకూర్చినను అవి డెల్టావారికి పరాయివిగనే మిగులును.